దినుసుల బజారు ముక్కు

మొదట్లో తవ్వా పానకాలు చేతిలో ఉన్నది ఒక ముక్కు. అంతే. తండ్రి పోయేనాటికి కొట్టు పైకప్పు కారుతుండేది. త్రాసు ఒకవైపుకి వాలిపోయింది. ఉన్న ఇరవై బస్తాల్లో ఏడు పురుగు పట్టాయి. కానీ పంతొమ్మిదేళ్ళ పానకాలు కళ్ళు మూసుకుని బస్తా మూతి దగ్గర ముక్కు పెట్టాడంటే, లోపలున్నది నిరుటి సరుకా ఈ ఏటి సరుకా, నల్లమల నుంచి దిగిందా పాపికొండల వైపు నుంచి వచ్చిందా, వానకు ముందు కోసిందా తర్వాత కోసిందా చెప్పేసేవాడు. గుంటూరు దినుసుల బజారులో మూలికల కొట్లు పద్నాలుగు. ఎవరికి కొత్త సరుకు దిగినా "ఒకసారి వచ్చి ముక్కు పెట్టి పో శెట్టీ" అని కబురొచ్చేది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ముక్కు మీదే కొట్టు నిలబడింది, దాని వెనక ఇల్లు నిలబడింది, బజారులో మాట నిలబడింది.

బతుకుని పానకాలు ఎప్పుడూ రెండు అరచేతులు చాపి చూసుకునేవాడు. ఈ చేత్తో ఏమిచ్చాం, ఆ చేత్తో ఏం తీసుకున్నాం. పెళ్ళినీ అలాగే చూశాడు. తను కోపం ఇచ్చాడు, సుభద్రమ్మ ఓర్పు ఇచ్చింది. ఆ బేరంలో లాభం తనదేనని ఒప్పుకునేవాడు. కాకపోతే ఆమె ఎదుట ఎప్పుడూ ఒప్పుకోలేదు.

అందుకే యాభై రెండేళ్ళ సుభద్రమ్మకు అండాశయంలో కేన్సర్ అని తేలిన రోజున పానకాలు ఏడవలేదు. లెక్క అడిగాడు.

"ఎన్ని విడతలు, ఎన్నాళ్ళకొకటి, నమ్మకం ఎంత?"

కేన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ షాజహానాకు ఇలా అడిగేవాళ్ళు తక్కువ. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆరు విడతల మందు, శెట్టిగారూ. మూడు వారాలకొకటి. ఆరూ పడితే నమ్మకం బాగానే ఉంది. మధ్యలో ఆగితే మాత్రం చెప్పలేను."

"మధ్యలో ఎందుకాగుద్దమ్మా?"

"కాలేయం తట్టుకోకపోతే ఆపాల్సి వస్తుంది." ఆమె సుభద్రమ్మ వైపు తిరిగింది. "అమ్మా, బయటి మందు ఏమన్నా వాడుతున్నారా? పసరు, కషాయం, భస్మం, ఏదైనా సరే."

"అబ్బే, ఏం లేదమ్మా," అంది సుభద్రమ్మ.

ఆ తర్వాత మూడు వారాలకు రెండో విడత కోసం వచ్చినప్పుడు వరండాలో బల్ల మీద కూర్చున్న పానకాలుకు ముసిముసి నవ్వొచ్చింది. వరసలో పదకొండు మంది రోగులున్నారు. ఒక్కొక్కరే లోపలికి పోవడం, లోపల నుంచి డాక్టరమ్మ అదే ప్రశ్న, వీళ్ళ నుంచి అదే జవాబు. "ఏం లేదమ్మా." పానకాలు ముక్కుకి మాత్రం ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది దినుసుల బజారే. ఆ లుంగీ ఆయన దగ్గర నేలవేము, నీలం చీర ఆవిడ దగ్గర మోదుగ పువ్వు, గోడకి ఆనుకున్న పెద్దాయన దగ్గర ఆవుపేడ బూడిదలో కలిపిన ఇంకేదో.

హెడ్ నర్సు రూతమ్మ చూసింది. "ఏం శెట్టిగారో, ఆసుపత్రిలో అంత నవ్వు ఏమొచ్చింది మీకు?"

"ఏం లేదమ్మా."

"ఆ మాట పొద్దుట్నించీ పదకొండుసార్లు విన్నా. మీరన్నా నిజం చెప్పండి."

చెప్పాడు. రూతమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. షాజహానా నమ్మినట్టూ నమ్మనట్టూ చూసి, సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీసింది.

"ఇది నేను మా వాళ్ళందరికీ పెట్టిన పరీక్ష. డాక్టర్లు, నర్సులు, మందులిచ్చేవాళ్ళు, అందరికీ. రోగులు బయట వాడే మందుల గురించి నలభై ప్రశ్నలు. ఏది మా మందుతో పడదు, ఏది పరవాలేదు, ఏది దేనికి వాడతారు. ఎక్కువ వచ్చింది సిస్టర్ రూతమ్మకే, పదిహేడు."

"మా అమ్మమ్మ మంత్రసాని లెండి," అంది రూతమ్మ.

"మీకెన్నొచ్చినయ్యమ్మా?" అన్నాడు పానకాలు.

"పదకొండు."

పానకాలు ఆమెను మళ్ళీ ఒకసారి చూశాడు. గోడ మీద ఆమె పట్టాలు నాలుగు ఉన్నాయి. నలుగురిలో, ఒక మూలికల కొట్టువాడి ముందు, నలభైకి పదకొండు అని గొంతు తగ్గించకుండా చెప్పింది. బజారులో అయితే అలాంటి కాగితాన్ని ఎప్పుడో పొయ్యిలో పెట్టేసేవాళ్ళు.

"మాకు తెలియదు గనక సరిగ్గా అడగం. అడిగినా తిడతామని వాళ్ళు చెప్పరు," అంది షాజహానా. "అందుకే ఇది తయారుచేశాం. రండి."

పక్క గదిలో గాజు మూత కింద చిన్న పళ్ళెం. అందులో చింతపిక్కంత గులాబీ రంగు పొర, తడిగా, సన్నగా ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. మనిషి ముక్కు లోపలి పొరను గాజులో పెంచారట. కింద వెంట్రుకల్లాంటి తీగలు, వాటి చివర ఒక తెర. రోగి గొట్టంలోకి ఊదితే ఆ ఊపిరి చల్లబడి బొట్టుగా మారుతుంది. పొర ఆ బొట్టును వాసన చూస్తుంది. తెర మీద పేరు వెలుగుతుంది, పేరు కింద ఒక మాట: 'వాడవచ్చు' లేదా 'ఆపాలి'. రెండూ కాకపోతే 'తెలియదు'.

"ఈ మూడో మాట పెట్టొద్దని తయారుచేసినవాళ్ళు పోట్లాడారు, యంత్రం పరువు పోతుందని," అంది షాజహానా. "నేనే పట్టుబట్టాను."

ఆ యంత్రానికి రెండు వందల మొక్కల వాసనలు నేర్పారు. పరీక్షగదిలో ఒక్కటీ తప్పలేదు. వార్డులోకి తీసుకుపోతే మాత్రం మంచం తర్వాత మంచానికి 'తెలియదు' అనే వెలిగింది. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

నేర్పిన సరుకు చూపించమన్నాడు పానకాలు. సీసాల నిండా కాలేజీ తోటలో పెంచిన మొక్కలు. పచ్చగా, కడిగి, పేర్లు అంటించి ఉన్నాయి. పానకాలు ఒక సీసా మూత తీసి వాసన చూసి, ఈసారి బయటికే నవ్వాడు.

"ఇది పెళ్ళికూతురమ్మా. మా బజారులో ఇట్టాటిది ఎవరు అమ్ముతారు? మా తిప్పతీగ ఎండి, మగ్గి, గోనెలో ఆర్నెల్లు పడుకుని, పక్క బస్తా ఇంగువ వాసన అంటించుకుని, ఆపైన ఇత్తడి గిన్నెలో నల్లగా మరిగి అప్పుడు పోద్ది మనిషి కడుపులోకి. మీ యంత్రానికి పెళ్ళికూతుర్ని చూపించి, ముసలమ్మని గుర్తుపట్టమంటే ఎట్టా?"

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు నేర్పుతారా?" అంది షాజహానా.

ఇక్కడ పానకాలు వ్యాపారి అయిపోయాడు. "నేర్పితే నాదేం పోద్ది?"

"మీ ముక్కులోకి వెంట్రుక కన్నా సన్నటి తీగ పంపుతాం. మీరు ఒక దినుసు వాసన చూస్తుంటే, దాన్ని పట్టే కణాల మీద వెలుగు పడుతుంది. ఆ వెలుగులోనే యంత్రం చదువుకుంటుంది. కానీ వెలుగు పడ్డ కణం మళ్ళీ బతకదు. యంత్రం నేర్చుకున్న ప్రతి వాసన మీకు పోతుంది. పోయినవి తిరిగి రావు."

అమ్మిన సరుకు కొట్లో ఉండదు. ఆ మాట వరకు పానకాలుకు అర్థమైంది. ఇంటికి పోయి ఆలోచిస్తానన్నాడు.

ఆలోచన తెగకముందే సుభద్రమ్మ రక్తపరీక్ష వచ్చింది. నలభై లోపు ఉండాల్సిన కాలేయం అంకె నూట అరవై అయింది.

"ఎందుకు పెరిగిందమ్మా?"

"తెలియదు."

"మా సుభద్ర ఏం తాగట్లేదు."

"మీరంటున్నారు. యంత్రం కూడా అదే అంటే నేను ఇంకో కారణం వెతుక్కుంటాను. అంతవరకు చీకట్లో తడుముకోవడమే."

ముప్పై ఎనిమిదేళ్ళుగా కొట్లో కూర్చుని పానకాలు 'తెలియదు' అనే మాట ఒక్కసారి కూడా అనలేదు. ఎవరు ఏ జబ్బు చెప్పినా చెయ్యి వెనక్కి పోయి ఏదో ఒక డబ్బా తీసేది. ఈమె పట్టాలన్నీ వెనక పెట్టుకుని, పూటకి పదిసార్లు ఆ మాట అంటోంది. నమ్మితే ఇలాంటి మనిషినే నమ్మాలి అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కుర్చీలో కూర్చుని ముక్కు పైకెత్తాడు.

దినుసుల బజారులో తిరిగే సరుకు మూడు వందల రకాలు. రోజూ తెల్లారగానే ఆరు నుంచి ఎనిమిది దాకా, పూటకి పది పన్నెండు చొప్పున నేర్పడం మొదలుపెట్టాడు. మొదట శొంఠి పోయింది. తర్వాత వస, పిప్పళ్ళు, కరక్కాయ. నొప్పి ఏమీ లేదు. వాసన తగ్గదు, మసకబారదు. ఉన్నట్టుండి ఆ చోట గోడ లేస్తుంది. తిప్పతీగ అయిదో రోజున పోయింది.

"ఏంది సుభద్రా, రసంలో మిరియం వెయ్యలా?"

"గుప్పెడు వేశా. ఘాటుకి నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్."

పానకాలు అన్నం కలుపుకున్నాడు. ఆ పొద్దున్నే మిరియం ఇచ్చేసి వచ్చాడు.

కొట్లోనూ తంటాలే. ఎదుటి కొట్టు గ్రంధి కొండలరావు బజారు సంఘానికి పెద్ద. కొత్త పిప్పలి దింపుకుని పిలిస్తే వెళ్ళి, బస్తాలో ముక్కు పెట్టి, ఏమీ తగలక, గింజ ఒకటి పంటికింద వేసుకుని "బాగానే ఉంది" అని వచ్చేశాడు.

కొండలరావు గుమ్మం దాకా వెంటొచ్చాడు. "పంటితో చూస్తన్నావేంది శెట్టీ? జలుబా?"

"జలుబే."

"ఆసుపత్రిలో పొద్దున్నే ఏదో పాఠం చెప్తన్నావంట. చెప్పు, మంచిదే. ఆ పన్నెండు మాత్రం నోట్లోంచి రానీమాక."

ఆ పన్నెండు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అడవిలో అసలు దొరకనప్పుడు బస్తాలోకి ఎక్కే మారు సరుకు అది. అశోక పట్ట పేరుతో నరమామిడి పట్ట, తిప్పతీగ పేరుతో కొండతిప్ప, ఇంకో పది. చూపుకి ఒక్కటే. నీళ్ళలో వేసినా ఒక్కటే. తేడా పట్టగలిగిన ముక్కు బజారు మొత్తానికి ఒక్కటుంది, అది పన్నెండు విషయాల్లో నోరు మూసుకుని ఉంది. పానకాలు రెండు వందల ఎనభై ఎనిమిది నేర్పి, "అయిపోయినయ్యమ్మా" అన్నాడు.

యంత్రం వార్డులో కళ్ళు తెరిచింది. మంచం మంచానికీ పేర్లు వెలిగాయి. ఎవరికీ కోపం రాకుండా రూతమ్మ పక్కన కూర్చుని అడిగేది. "అత్తా, వస తింటన్నావంటగా, వాంతులకా?" అడిగేవాళ్ళకు విషయం తెలుసని తెలిశాక చెప్పేవాళ్ళు చెప్పారు. ఒకాయనకు 'వాడవచ్చు' అని వెలిగితే షాజహానా తనే "రోజూ ఇంతే తీసుకోండి, మించొద్దు" అని శొంఠి కొలత చూపించింది. ఆసుపత్రిలో తన సరుకుకి ఒకరు మర్యాద ఇవ్వడం పానకాలు అదే మొదటిసారి చూశాడు.

అయినా ఇరవై మూడు మంది దగ్గర ఇంకా 'తెలియదు' అనే వచ్చింది. అందరికీ కాలేయం అంకె ఎక్కుతోంది. వాళ్ళలో సుభద్రమ్మ ఒకతి. మూడో విడత తర్వాత ఆమె అంకె మూడు వందల పది.

"వచ్చే గురువారం నాలుగో విడత. నాలుగు వందలు దాటితే ఆపేస్తాను, శెట్టిగారూ. వేరే దారి లేదు," అంది షాజహానా. ఆమె కళ్ళ కింద నలుపు దిగింది.

"ఆ బొట్టు ఒకసారి నాకివ్వండమ్మా."

"ఏ బొట్టు?"

"మా ఆవిడ ఊపిరిది. నేను చూస్తా."

ఇంట్లో ఇన్నాళ్ళూ ఆయనకేమీ తగల్లేదంటే ఆశ్చర్యం లేదు. మూడు వందల బస్తాల వెనక వంటగది. సుభద్రమ్మ చీరలో, జుట్టులో, మజ్జిగలో కూడా కొట్టు వాసనే. ఇక్కడ గాజుగొట్టంలో ఆమె ఊపిరి ఒక్కటే ఉంది. పానకాలు మూత తీసి కళ్ళు మూసుకున్నాడు.

ముందు కర్పూరం తగిలింది. కర్పూరం మూలిక కాదని దాన్ని ఎవరూ అడగలేదు, ఆ వాసన ఇంకా ఆయన దగ్గరే ఉంది. దాని వెనక కొంచెం పులిసిన చేదు. కొండతిప్ప. బజారులో పురుగు పట్టకుండా ఆ బస్తాలో కర్పూరం బిళ్ళ వేసేవాడు ఒక్కడే ఉన్నాడు, తనే.

గొట్టం బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఇంటికి వచ్చాడు. సుభద్రమ్మ తలకు గుడ్డ కట్టుకుని, పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"తిప్పతీగ తాగుతున్నావా?"

వలిచే చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"నీ ఊపిరే చెప్పింది. ఎప్పట్నించి?"

"మొదటి సూది పడ్డ మర్నాటి నుంచి. పొద్దున్నే మీరు లారీ ఆఫీసుకి పోయినప్పుడు కాచుకునేదాన్ని. ఇప్పుడు మీరు ఆసుపత్రికి పోతన్నారు, ఇంకా తీరిగ్గా ఉంది."

"ఎవరు తాగమన్నారు నిన్ను?"

"మీరే."

"నేనెప్పుడన్నా?"

"నాకు కాదు. కొట్టుకొచ్చినోళ్ళకి. ముప్పై ఏళ్ళ బట్టీ ఈ పొయ్యి దగ్గర కూర్చుని వింటన్నా. 'మా కొట్టు తిప్పతీగ నలభై రోజులు తాగమ్మా, ఒంట్లో చెడంతా కడిగేస్తది.' మీ మాట విని మాచర్ల నుంచి, ఒంగోలు నుంచి వచ్చి కొనుక్కుపోతన్నారు. ఇంట్లో ఉండి నేను తాగకపోతే ఎట్టా?"

"నాకొక మాట చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు డాక్టరమ్మకి చెబుతారు. ఆమె కొట్టిపారేస్తే మీ మాట తీసేసినట్టు అవదా? ఎందుకులే అని ఊరుకున్నా."

పానకాలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వెల్లుల్లి పొట్టు ఎగిరి మోకాలికి అంటుకుంది.

"అది తిప్పతీగ కాదు సుభద్రా."

"మరేంది?"

"కొండతిప్ప. అసలుది దొరక్క పదేళ్ళ నుంచి బజారంతా అదే అమ్ముతంది. మామూలోళ్ళకి ఏం కాదనుకున్నాం. ఆ మందు పడే ఒంట్లో ఏం చేస్తదో ఎవరం చూడలా."

సుభద్రమ్మ చేతిలోని వెల్లుల్లి పాయ కింద పెట్టింది. ఆమె తిట్టి ఉంటే పానకాలుకు తేలికగా ఉండేది.

"ఊరందరితో వ్యాపారం చేశారు, సరే. నాతో కూడానా?" అంది చివరికి. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో ఉన్నది తూములో పారబోసి వచ్చింది. వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "నా పక్క మంచం పిల్ల, పిడుగురాళ్ళ నుంచి వస్తది చూడండి, ఇద్దరు బిడ్డలు. దాని సీసా కూడా ఇదే కంపు. మీ దగ్గర కొనుక్కుందో, కొండలరావన్నయ్య దగ్గర కొనుక్కుందో. నేనంటే మానేశా. దానికెవరు చెబుతారు?"

దారిలో పానకాలు వేసుకుంటూ వచ్చిన లెక్క అదే. సుభద్ర మానేస్తే చాలు, అంకె దిగుతుంది, పన్నెండు గుట్లు గుట్లుగానే ఉంటాయి, ముక్కులో మిగిలింది మిగులుతుంది. బేరం అంటే అలా ఉండాలి. ఆమె ఒక్క ప్రశ్నతో ఆ లెక్క మొత్తం తుడిచేసింది.

సాయంత్రమే షాజహానా ముందు కూర్చుని పన్నెండు పేర్లూ ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె రాసుకుంది. మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తి 'ఎందుకు దాచారు' అని అడగలేదు. అంతా అయ్యాక పెన్ను పక్కన పెట్టింది.

"మిగతావాటిలా వీటిని ఒక్కొక్కటే నేర్పడం కుదరదు, శెట్టిగారూ. అసలుకీ మారుకీ వెంట్రుకంత తేడా. ఆ తేడా పట్టేది ఏ ఒక్క కణమో కాదు, మొత్తం పొర. దాని మీదంతా ఒకేసారి వెలుగు వెయ్యాలి. తర్వాత మీకు ఏ వాసనా మిగలదు. కాఫీ, వాన, మల్లెపూలు, ఏదీ. రెండు రోజులు ఆలోచించుకోండి."

"ఆలోచించడానికి ఏముందమ్మా. రేప్పొద్దున పెట్టండి. ముందు ఒక్క అరగంట మా ఆవిడతో కూర్చోనివ్వండి, చాలు."

ఆ అరగంటలో ఆసుపత్రి మెట్ల మీద సుభద్రమ్మతో కలిసి కూర్చున్నాడు. ఆమె ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. అది చూశాడు, అంటే వాసన. ఆసుపత్రి ఆయా కడిగిన మెట్ల తడి చూశాడు, రోడ్డవతల కాలుతున్న దోసె చూశాడు. తర్వాత సుభద్రమ్మ చెయ్యి తీసుకుని అరచేతిలో ముక్కు పెట్టాడు. వెల్లుల్లి, పసుపు, ఆసుపత్రి సబ్బు, వాటి కింద పేరు లేని ఒక వెచ్చదనం. ఊరి సరుకంతా వాసన చూశాడు గానీ ముప్పై ఏళ్ళలో దీన్ని ఎప్పుడూ నిదానంగా చూడలేదు.

"అందరూ చూస్తన్నారు," అంది సుభద్రమ్మ.

"చూడనీ."

కుర్చీలో ఒక గంట పట్టింది. పన్నెండు జతలు, యంత్రం అప్పటికే నేర్చుకున్న అసలు పక్కన ఆయనకు మాత్రమే తెలిసిన మారు. చివరి జత దగ్గర షాజహానా చెయ్యి ఆగితే, "కానివ్వండమ్మా," అన్నాడు. గోడలు ఒక్కసారిగా నాలుగు వైపులా లేచాయి.

ఆ మధ్యాహ్నమే యంత్రం ఇరవై మూడు మంది ఊపిరి చూసింది. పందొమ్మిది చోట్ల 'కొండతిప్ప. ఆపాలి' అని వెలిగింది. నలుగురి దగ్గర మళ్ళీ 'తెలియదు'. ఆ నలుగురి కోసం షాజహానా అప్పుడే ఇంకో కాగితం తీసింది. పందొమ్మిది మంచాల దగ్గరకీ తనే వెళ్ళింది. అరచేతిలో కొండతిప్ప ముక్క పెట్టుకుని, మంచం అంచున కూర్చుని, "దీన్ని మీకు తిప్పతీగ అని ఇచ్చారు. తప్పు మీది కాదు," అంటూ మొదలుపెట్టింది. ఒక్కరినీ కసురుకోలేదు. పిడుగురాళ్ళ పిల్ల దిండు కింద నుంచి సీసా తీసి తనే ఇచ్చేసింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పానకాలు తను బజారులో కొనుగోలుదారుతో ఏనాడూ అంత శ్రద్ధగా మాట్లాడలేదని అనుకున్నాడు.

సుభద్రమ్మ నాలుగో విడత పది రోజులు వెనక్కి జరిగింది. అంకె మూడు వందల పది నుంచి రెండు వందలకి, నూట ఇరవైకి, అరవైకి దిగింది. తర్వాత మిగిలిన మూడు విడతలూ పడ్డాయి.

బజారు మాత్రం రెండు నెలలు మొహం చాటేసింది. కొండలరావు ఒకనాడు వచ్చి కొట్టు మెట్టు మీద నిలబడ్డాడు. "పన్నెండూ అమ్మేశావు గదా శెట్టీ!"

"అమ్మలా. ఊరికే ఇచ్చేశా."

"అదే ఇంకా దారుణం!" అని వెళ్ళిపోయాడు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చే జనం ఇప్పుడు చీటీ పట్టుకుని వస్తున్నారు, ఏది ఎంత వాడవచ్చో రాసి ఉన్న చీటీ. పేరు మార్చి అమ్మితే యంత్రం ఊపిరిలోనే పట్టేస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి కొండలరావు కొట్లో కూడా ఒక బస్తా మీద పెద్ద అక్షరాలతో 'కొండతిప్ప' అని రాసి ఉంది, కింద 'కేన్సర్ మందు వాడేవారు తాగరాదు' అని.

షాజహానా తన నలభై ప్రశ్నల పరీక్ష మళ్ళీ పెట్టింది. ప్రశ్నలు ఈసారి పానకాలు కూర్చాడు. రూతమ్మకు ముప్పై ఎనిమిది, షాజహానాకు ముప్పై ఆరు. "రెండు తక్కువ మీకు," అని రూతమ్మ ఆటపట్టిస్తే డాక్టరమ్మ పానకాలు వైపు తిరిగి, ఆసుపత్రి మందుల మీద తయారుచేసిన ఇంకో నలభై ప్రశ్నల కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు తొమ్మిది వచ్చాయి. దాన్ని పొయ్యిలో పెట్టలేదు. కొట్లో, కూర్చున్న చోటికి ఎదురుగా, మేకుకి తగిలించాడు. కొట్టుకొచ్చినవాళ్ళు ఏదైనా జబ్బు చెబితే చెయ్యి వెనక్కి పోబోయి ఆగుతుంది. "నాకు తెలియదమ్మా, ముందు ఆసుపత్రిలో అడుగు," అంటాడు. మొదట్లో ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోవడం లేదు.

యంత్రాన్ని ఇంకో అయిదు ఊళ్ళ ఆసుపత్రులు తీసుకున్నాయి. దాని పేరు పొడవుగా ఉందని నర్సులు మానేశారు. "శెట్టిగారిని ఇటు తీసుకురండమ్మా, కొత్త పేషెంటు వచ్చాడు," అంటారు. చక్రాల బల్ల మీద గాజు మూత కింద పానకాలు ముక్కు మంచం మంచానికీ తిరుగుతుంటుంది.

కొట్టు సంగతికి వస్తే, సరుకు దిగినప్పుడు బస్తా మూతి విప్పేది ఇప్పుడు సుభద్రమ్మ. జుట్టు మళ్ళీ వస్తోంది, కేన్సర్ మందు మొద్దుబార్చిన వాసనలూ ఆమెకు తిరిగి వచ్చాయి. మొదటి రోజున ఒక బస్తా మీదకు వంగి, "ఇది నిరుటిదండీ. వానకు తడిసింది కూడా," అంది.

"నీకెట్టా తెలుసు?"

"ముప్పై ఏళ్ళు మీ వెనక కూర్చుని ఏం చేస్తన్నా అనుకున్నారు?"

లారీవాడు బస్తా వెనక్కి మోసుకుపోయాడు.

పొద్దున్నే ఆమె కాఫీ తెస్తుంది. పానకాలు గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, అలవాటు పోక. వేడి తగులుతుంది, అంతకు మించి ఏమీ లేదు.

"ఎట్టా ఉంది ఇయ్యాల?"

సుభద్రమ్మ గ్లాసు మీదకు వంగి ఊపిరి పీల్చి చెబుతుంది. "కొద్దిగా మాడింది. కొత్త గింజ. పాలు చిక్కగా ఉన్నయ్."

"రోజూ మాడిందనే అంటావు."

"రోజూ మాడుతుందిగా. కొట్లోంచి మీరు పిలుస్తనే ఉంటారు, పొయ్యి ఎవరు చూసుకుంటారని!"

పానకాలు రెండు అరచేతులూ చాపి చూసుకున్నాడు. ఈ చేత్తో ఇచ్చింది ఒక ముక్కు, పన్నెండు గుట్లు. ఆ చేతిలో ఇప్పుడు వేడి కాఫీ గ్లాసు ఉంది, దాన్ని తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, పిడుగురాళ్ళలో ఇద్దరు పిల్లల దగ్గర వాళ్ళమ్మ ఉంది.

"సుభద్రా, ఈ బేరంలో లాభం నాదే," అన్నాడు.

ఈసారి ఆమె ఎదుటే ఒప్పుకున్నాడు.